ఆకుపచ్చ రోడ్లు, రాయచూరు బడులు: అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్లో ఊళ్లు కట్టే ఆటలంటే పిల్లలకు ఎంత ఇష్టమో ఇంట్లో ఆడేవాళ్లు ఉన్నవారికి తెలుసు. 1989లో విల్ రైట్ రూపొందించిన ‘సిమ్‌సిటీ’తో ఆ ఒరవడి మొదలైంది. ఫిన్లాండ్ సంస్థ కొలోసల్ ఆర్డర్ 2015లో తెచ్చిన ‘సిటీస్: స్కైలైన్స్’ దాన్ని ఇంటింటికీ చేర్చింది. రోడ్డు వేయాలి, కరెంటు, నీళ్లు ఇవ్వాలి. ఇళ్లు లేచాక జనం బడి కావాలంటారు, బడి కట్టాలి. తీగ లాగితే డొంకంతా కదులుతుందని పిల్లలకు ఇంత బాగా నేర్పే సాధనం నాకు ఇంకొకటి కనపడలేదు.

అయితే బడుల విషయంలో ఈ ఆట ఆడేవాళ్లలో కొన్ని అపోహలు పాతుకుపోయాయి. అవే అపోహలు రాయచూరు జిల్లా చదువుల గురించి పెద్దలు మాట్లాడేటప్పుడూ వినిపిస్తాయి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత 59.56 శాతం. కర్ణాటకలో యాదగిరి తర్వాత అట్టడుగు స్థానం దీనిదే. పక్కనే గద్వాల, కర్నూలు. జిల్లా లోపల కూడా తెలుగు మాట్లాడే ఇళ్లు వేలల్లో ఉన్నాయి. కాబట్టి ఇది మన పిల్లల గొడవ కూడా.

అపోహ: బడి చుట్టూ రోడ్లు ఆకుపచ్చగా మారితే ఆ మేర చదువు అందినట్టే

‘సిటీస్: స్కైలైన్స్’లో విద్య పటం తెరిస్తే బడి దగ్గరి రోడ్లు ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఆ రంగు దాటితే పిల్లలు బడికి రారని చాలామంది అనుకుని సందుకో బడి కట్టి ఖజానా ఖాళీ చేసుకుంటారు. నిజానికి ఆ రంగు చెప్పేది బడి దగ్గరుండటం వల్ల పెరిగే స్థలం విలువ, జనం సంతోషం గురించి. విద్యార్థులు నగరంలో ఏ మూల నుంచైనా వస్తారు. చూడాల్సింది సీట్ల లెక్క. ప్రాథమిక పాఠశాలలో 300 మందికి, హైస్కూల్లో 1,000 మందికి, విశ్వవిద్యాలయంలో 4,500 మందికి చోటుంటుంది. ఎంతమంది చదువుకునే ఈడులో ఉన్నారు, ఎన్ని సీట్లున్నాయి అన్నదే అక్కడి లెక్క.

మన దగ్గర కూడా ఒక ఆకుపచ్చ రంగు ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతులకు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. పటం మీద చూస్తే రాయచూరు పల్లెలు చాలావరకు ఈ గీతల లోపలే పడతాయి. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఈ చట్టం భరోసా ఎనిమిదో తరగతితో, పద్నాలుగేళ్ల వయసుతో ఆగిపోతుంది. తొమ్మిదికి పక్క ఊరికో హోబళీ (రెవెన్యూ ఫిర్కా) కేంద్రానికో వెళ్లాలి. అక్కడికి పోయే బస్సు పొద్దున బడి గంటకు ముందు వస్తుందా, సాయంత్రం చీకటి పడకముందే తిరిగి దింపుతుందా అన్న ఒక్క విషయం మీద ఆడపిల్ల చదువు ఆధారపడి ఉంటుంది. 2023 జూన్‌లో మొదలైన శక్తి పథకంతో ఆమెకు టికెట్ ఖర్చు తప్పింది. మంచి పనే. కానీ రాని బస్సులో ఉచిత ప్రయాణం ఎవరికీ అక్కరకు రాదు. ఎనిమిదో తరగతి పిల్లలకు 2006-07లో సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు కర్ణాటక ప్రభుత్వం పట్టుకున్నది సరిగ్గా ఈ నాడినే. 2003లో వచ్చిన ‘సిమ్‌సిటీ 4’ కూడా దీన్ని గుర్తించింది. అందులో బడికి ఇచ్చే డబ్బులోంచి బస్సులకు వేరే పద్దు ఉంటుంది. అది తగ్గిస్తే బడి అందే మేర కుంచించుకుపోతుంది. విద్యాశాఖ, రవాణా సంస్థ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలని ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు?

అపోహ: చదువు విలువ తెలియక తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పిస్తారు

ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. ఇలా అనేవాళ్లు పత్తి చేనును దగ్గరగా చూసి ఉండరు.

రాయచూరు పేరున్న పత్తి మార్కెట్. పత్తి ఒక్కసారిగా కోతకు రాదు. కాయలు విడతలు విడతలుగా పగులుతాయి. దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి దాకా మళ్లీ మళ్లీ ఏరాలి. బడి జోరుగా నడిచే కాలం కూడా అదే. కూలి కిలోల లెక్కన ఇస్తారు కాబట్టి ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత డబ్బు. రాష్ట్ర సరిహద్దు దాటి గద్వాల దగ్గరి నడిగడ్డ వైపు వెళ్తే ఇంకా కష్టమైన పని ఉంది, విత్తన పత్తి. ఆడ మొక్క మీద మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రం గిల్లి, లోపలి కేసరాలను గోటితో ఒలిచేయాలి. పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దాని పుప్పొడిని కీలాగ్రానికి రాయాలి. ఒక్కో పువ్వుకు విడిగా ఈ పని చేయాలి. చేను మీద మొగ్గలు వస్తున్నన్ని వారాలు రోజూ చేయాలి. పొద్దున, సాయంత్రం రెండు పూటలూ పని కాబట్టి బడికి మిగిలేది అలసిపోయిన మధ్యాహ్నం ఒక్కటే. చిన్న వేళ్లు, మొక్క ఎత్తుకు సరిపోయే పొడవు ఉన్నాయని ఆడపిల్లల్ని ఈ పనికి ఎక్కువగా పెట్టుకున్నారు.

దీనికి తోడు గుళే, అంటే వలస. దేవదుర్గ, లింగసుగూరు వైపు మెట్ట పొలాల వాళ్లు పని దొరక్క కుటుంబం మొత్తంగా బెంగళూరుకో పుణేకో కట్టడం పనులకు వెళ్తారు. 2002లో డి.ఎం. నంజుండప్ప కమిటీ అత్యంత వెనుకబడిన తాలూకాల జాబితాలో దేవదుర్గను చేర్చింది ఊరికే కాదు. పిల్లను వదిలేసి వెళ్తే చూసేవాళ్లుండరు, తీసుకెళ్తే బడి పోతుంది. ఇందులో చదువు విలువ తెలియకపోవడం ఎక్కడుంది? ఆ తల్లిని అడిగి చూడండి. పిల్లను నిశ్చింతగా వదలగల హాస్టల్ ఒకటుంటే వదిలే వెళ్తానంటుంది. 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు, కర్ణాటకలోని మొరార్జీ దేశాయి, కిత్తూరు రాణి చెన్నమ్మ వసతి పాఠశాలలు అక్కరకొచ్చింది ఈ ఒక్క కారణానికే. బడితో పాటు రాత్రి పడుకునే చోటు, పూట తప్పని అన్నం ఇస్తే గుళే వెళ్లే ఇంటి పిల్ల కూడా చదువుతుంది.

ఇక్కడ ఆట మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. గేమ్‌లోని పిల్లవాడికి చెల్లెలు లేదు, మేక లేదు, అప్పు తెచ్చిన నాన్న లేడు. సీటుంటే చేరిపోతాడు. పిల్లవాడి రోజు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్నకు ఆ పటంలో చోటే లేదు.

అపోహ: అన్నం పెట్టే చోటికి పిల్లలు తిండికోసమే వస్తారు, చదవరు

ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరం ఎక్కదు, అంతే. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కర్ణాటక 2002లో అక్షర దాసోహను ఈశాన్యపు వెనుకబడిన జిల్లాలతో మొదలుపెట్టింది. వాటిలో రాయచూరు ఒకటి. గుడ్డు మొదట అందిన ఏడు జిల్లాల్లోనూ ఇది ఉంది. 2021 డిసెంబరులో అది మొదలైనప్పుడు పెద్ద గొడవ జరిగింది. తిననివాళ్లకు అరటిపండు ఇచ్చారు. వాదించుకున్నది పెద్దలు.

అపోహ: పెద్ద సంస్థ వస్తే చదువు పైనుంచి కిందికి దిగుతుంది

గేమ్ కొత్తగా ఆడేవాళ్లు విశ్వవిద్యాలయం ఎప్పుడెప్పుడు కడదామా అని ఎదురుచూస్తారు. ఊరు పెరిగి కొన్ని మైలురాళ్లు దాటేదాకా ఆట దాన్ని చేతికివ్వదు. ఇచ్చాక కూడా మెట్టు తర్వాత మెట్టే. ప్రాథమిక బడి పూర్తి కానివాడు హైస్కూలుకు, అది కానివాడు విశ్వవిద్యాలయానికి వెళ్లలేడు. కింద సీట్లు లేకుండా పైన కడితే ఖాళీ భవనానికి ఖర్చు కడుతూ కూర్చోవాలి.

రాయచూరుకు పై మెట్లు వరసగా వచ్చాయి. 2007లో వైద్య విజ్ఞాన సంస్థ రిమ్స్, తర్వాత వ్యవసాయ విశ్వవిద్యాలయం, 2019లో ట్రిపుల్ ఐటీ. ఈ ప్రాంతానికి ప్రత్యేక హోదా ఇచ్చిన 371-జె అధికరణం 98వ సవరణతో వచ్చాక, స్థానికులకు విద్యలో, ఉద్యోగాల్లో రిజర్వేషన్ దొరికింది. ఇవన్నీ పోరాడి సాధించుకున్నవి, ఒక్కటి కూడా అక్కర్లేనిది కాదు. కానీ దేవదుర్గ తాలూకాలో తొమ్మిదో తరగతి మానేసిన అమ్మాయికి రిజర్వ్ చేసిన మెడికల్ సీటు కూడా అందదు. ట్రిపుల్ ఐటీకి దేశం నలుమూలల నుంచి పిల్లలు వస్తారు, రావాలి కూడా. అంతమాత్రాన జిల్లా పిల్లల చదువు పెరిగినట్టు లెక్క వేసుకోకూడదు.

అపోహ: అక్షరాస్యత శాతం ఇవాళ్టి బడుల పనితీరును చూపిస్తుంది

ఆ లెక్కలో ఏడేళ్లు దాటిన వాళ్లంతా ఉంటారు. 2011లో డెబ్భై ఏళ్లున్న అవ్వ 1941లో పుట్టింది. ఆమె బడి ఈడుకొచ్చే నాటికి ఇక్కడ నిజాం పాలన ఇంకా ముగియలేదు. ఆనాటి లేమి కూడా 59.56లోనే కలిసి ఉంది. జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత 48.73 శాతం, మగవాళ్లది 70.47. ఈ దూరంలో కొంత ఇవాళ్టి బడులది, చాలా భాగం నిన్నటి ఇళ్లది. ఆటలో కూడా బడి కట్టిన మరునిమిషం గ్రాఫ్ లేవదు. పిల్లలు పెరిగి పనిలోకి వచ్చేదాకా ఆగాలి. ఆ ఓపిక లేక బడి పనికిరాదనుకుని కూల్చేసేవాళ్లున్నారు. జిల్లా గురించి మాట్లాడేవాళ్లు అడగాల్సిన అంకె వేరే ఉంది: ఒకటిలో చేరినవాళ్లలో పదో తరగతి పరీక్ష రాసేది ఎంతమంది?

అపోహ: రెండు మూడు తరగతుల పిల్లల్ని కలిపి కూర్చోబెడితే అది బడే కాదు

గేమ్‌లో బడి కడితే పంతుళ్లు తమంతట తామే వచ్చేస్తారు. ఇక్కడ వచ్చినవాళ్లు బదిలీ కోసం చూస్తారు, ఖాళీల్లో అతిథి ఉపాధ్యాయులు నెట్టుకొస్తారు. ముప్పై మందికి ఒకరని చట్టం చెబుతుంది. కానీ పాతికమంది పిల్లలున్న చిన్న ఊళ్లో ఐదు తరగతులకు ఐదుగురు రారు. అది ఎప్పటికీ ఉండే పరిస్థితే.

అయితే కలిపి చెప్పడం వేరు, వదిలేయడం వేరు. కర్ణాటకలో చిన్న తరగతులకు 2009-10 నుంచి అమలు చేసిన నలి-కలి పద్ధతి ఇలాంటి బడుల కోసమే పుట్టింది. దాని మూలం మన తెలుగు నేల మీదే ఉంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ప్రతి పిల్లవాడు తన మెట్టు మీద తానుండేలా నడిపే తీరును 1990ల్లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు వచ్చి చూశారు. తమ బడులకు తగ్గట్టు మార్చుకున్నారు. ఈ పద్ధతిలో టీచరు నల్లబల్ల ముందు నిలబడదు. పిల్లలతో పాటు కింద కూర్చుంటుంది. ఎవరు ఏ కార్డు దగ్గర ఆగారో చూసుకుంటుంది. పత్తి ఏరివచ్చిన పిల్ల మూడు వారాల తర్వాత వచ్చినా ఆగిన చోటు నుంచే మొదలుపెట్టవచ్చు. ఈ జిల్లాకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పాలా? కార్డులు చిరిగిపోయి, శిక్షణ లేని మనిషి చేతికి తరగతి వస్తే మాత్రం పద్ధతి పేరే మిగులుతుంది. తప్పు పట్టాల్సింది అక్కడ.

అపోహ: తెలుగింటి పిల్లలకు కన్నడ బడి నష్టం, ఇంగ్లీషు మీడియమే దారి

తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక సింధనూరు, మాన్వి వైపు కోస్తా రైతులు వచ్చి భూములు కొని వేసిన క్యాంపుల్లో ఇప్పటికీ ఇంటి మాట తెలుగే. రాయచూరు పల్లెల్లో తెలుగు, కన్నడ, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే వీధిలో వినిపిస్తాయి. ఈ పిల్లలు వీధిలో కన్నడ మాట్లాడుతూనే పెరుగుతారు. తెలుగు, కన్నడ లిపులు దగ్గరి చుట్టాలు. కాబట్టి కన్నడంలో చదవడం నేర్చుకోవడం వాళ్లకు కొండెక్కడమేమీ కాదు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఎవరూ మాట్లాడని ఇంగ్లీషులో మొదటి అక్షరం దిద్దించడమే బరువు. మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదేనని 2014లో సుప్రీంకోర్టు కర్ణాటక కేసులోనే తేల్చింది. ఆ హక్కును తెలిసి వాడుకోవాలి. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించే ఏర్పాటుకు రాష్ట్రం ప్రయత్నించాలని 350-ఎ అధికరణం చెబుతుంది. అది రాజ్యాంగంలోకి వచ్చింది 1956లో, రాయచూరు హైదరాబాదు రాష్ట్రం నుంచి మైసూరులో కలిసిన సంవత్సరంలోనే. దాన్ని గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లు కావాలి.

అపోహ: బడుల ప్లానింగ్ బెంగళూరు, కలబురగి ఆఫీసుల్లో జరిగే పని

డబ్బు అక్కడి నుంచి వస్తుంది, నిజమే. కానీ 2001 నుంచి కర్ణాటకలో ప్రతి ప్రభుత్వ బడికీ ఎస్‌డీఎంసీ, అంటే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం అలాంటి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాల్సింది కూడా వాళ్లే. సున్నం, గేటు, ప్రహరీ రాసి పంపేస్తే ఆ కాగితం వృథా అయినట్టే. గుళే వెళ్లే ఇళ్లెన్ని, వాళ్ల పిల్లలకు హాస్టల్ సీటు దొరికిందా, ఎనిమిది పూర్తయ్యే ఆడపిల్లలు ఎంతమంది, హైస్కూలు ఊరికి బస్సు ఎన్నింటికి, పత్తి కాలంలో హాజరు ఎంత పడిపోతోంది: ఇవి రాయాలి. క్యాంపులోని అమ్మకైనా, దేవదుర్గ తాండాలోని అమ్మకైనా ఈ జవాబులు ఏ అధికారి కన్నా బాగా తెలుసు. ఊళ్లు కట్టే ఆట వచ్చిన కాలేజీ కుర్రాడు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఆ మీటింగుకు వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు కన్నడంలో రాసిపెట్టినా చాలు.