కళాశాల ప్రాంగణాలలో విద్యుత్పొదుపు: వ్యయము, ఫలము

భూపాలపల్లి సమీపమున చెల్పూరులోని కాకతీయ తాపవిద్యుత్కేంద్రం సామర్థ్యం 1100 మెగావాట్లు. ఇట్టి కేంద్రాలలో యూనిట్ విద్యుత్తుకు అరకిలోకు పైగా బొగ్గు కాలుతుంది. కనుక జనగామలోనో, మహబూబాబాద్‌లోనో ఖాళీ తరగతిలో తిరిగే పంకా లెక్క బొగ్గుగని దాకా పోతుంది.

పాత పంకాకు 75 వాట్లు కావాలి, బి.ఎల్.డి.సి. పంకాకు 30 చాలు. ఏటా 1600 గంటలు తిరిగితే మిగిలేవి 72 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకొన్నా ఆదా 576 రూపాయలే. 3000 రూపాయల పంకా ఖరీదు తీరడానికి అయిదేండ్లు దాటుతుంది. అందువల్ల పాతది చెడినప్పుడు మార్చుటే మేలు. అప్పుడు లెక్కించవలసినది ధరల తేడా మాత్రమే. దీపాల సంగతి వేరు. చోకుతో కలిపి 50 వాట్లు తినే ట్యూబ్‌లైటు స్థానంలో 20 వాట్ల ఎల్.ఇ.డి. పెడితే ఇంచుమించు ఏడాదిలో ఖరీదు రాబట్టుకొంటుంది.

ప్రాచ్యకళాశాలలకు మరొక లాభమున్నది. ట్యూబ్‌లైటు వెలుగులోని అతినీలలోహిత కిరణాలు తాళపత్రాలకు, పాత కాగితానికి చేటు, ఎల్.ఇ.డి.లో అవి దాదాపు లేవు. బిల్లులో మాత్రం ఈ లాభం కనబడదు.

చిక్కంతా పద్దులలోనే. పరికరాలు కొనే పద్దు, బిల్లు చెల్లించే పద్దు వేరైనచోట మిగులు కొన్నవారికి చేరదు. కప్పుపై సౌరఫలకాలు అమర్చినా, ఎండ మెండుగా ఉండే మే నెలలో తరగతులుండవు. నెట్ మీటరు లేనిచో ఆ విద్యుత్తు వృథా.