టెన్నెసీ కొండల మీద ఇంగ్లిషు పల్లె

అమెరికా సంయుక్త రాష్ట్రాల్లోని టెన్నెసీలో, కంబర్లాండ్ పీఠభూమి మీద, నాక్స్‌విల్ నగరానికి వాయవ్యంగా అడవుల మధ్య ఉన్న రగ్బీ అనే చిన్న ఊరు 1880 అక్టోబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. ఇంగ్లండ్ వాళ్లు సముద్రం దాటి అమెరికాలో ఊళ్లు కట్టుకోవడం మొదలై అప్పటికే రెండున్నర శతాబ్దాలు దాటిపోయింది. అంత ఆలస్యంగా, అంత మారుమూల చోట మరో ఇంగ్లిషు పల్లె ఎందుకు వెలిసిందన్న ప్రశ్నకు జవాబును అమెరికా చరిత్రలో కన్నా ఇంగ్లండ్ వారసత్వ పద్ధతిలో వెతకడమే సరైనది.

ఇంగ్లండ్ భూస్వామ్య కుటుంబాల్లో ఎస్టేటు మొత్తం పెద్దకొడుక్కే దక్కేది. దీన్ని జ్యేష్ఠాధికారం అంటారు. ఆస్తిలో కొడుకులందరికీ వాటా ఉండే మితాక్షర న్యాయం కింద పెరిగిన తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, 1904లో వచ్చిన మద్రాసు అవిభాజ్య ఎస్టేట్ల చట్టం వర్తించిన జమీందారీల్లో కూడా గద్దె ఒక్కడిదే, మిగిలినవారికి భరణం మాత్రమే అన్న సూత్రమే నడిచింది. ఇంగ్లండ్‌లో చిన్నకొడుకులకు సైన్యం, చర్చి, న్యాయవాద వృత్తి, వైద్యం, భారతదేశం వంటి వలస రాజ్యాల్లోని కొలువులు మర్యాదైన దారులుగా ఉండేవి. ఆ దారులు కిక్కిరిసిపోయాయి, 1870ల చివర వ్యవసాయ మాంద్యం రావడంతో తండ్రుల కౌలు రాబడీ పడిపోయింది. అయినా దుకాణం పెట్టడమో నాగలి పట్టడమో వంశానికి తలవంపులని భావించిన సమాజంలో, మంచి బడిలో చదివి, ఒంట్లో సత్తువ ఉండి, చేయడానికి పనిలేని యువకులు వేల సంఖ్యలో మిగిలిపోయారు.

వీళ్ల గురించి ఎక్కువగా ఆలోచించినవాడు టామస్ హ్యూస్ (1822–1896). 1857లో వెలువడిన ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ నవలతో ఆంగ్ల ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న రచయితగానే ఆయనను చాలామంది గుర్తుంచుకుంటారు. కానీ న్యాయవాదిగా, పార్లమెంటు సభ్యుడిగా, సహకార ఉద్యమ నాయకుడిగా, లండన్ శ్రామికుల కళాశాల స్థాపకుల్లో ఒకడిగా ఆయన చేసిన పని కూడా తక్కువది కాదు. క్రైస్తవ నీతిని ఆర్థిక జీవితంలోకి తేవాలని కోరిన క్రిస్టియన్ సోషలిస్టు వర్గానికి చెందిన హ్యూస్, పరువు అనే సంకెల లేని కొత్త నేల మీద ఈ చిన్నకొడుకులు చేతులతో పనిచేసి గౌరవంగా బతకగలరని నమ్మాడు. తాను చదువుకున్న రగ్బీ పాఠశాల పేరునే ఊరికి పెట్టడం వెనుక ఉద్దేశం కూడా అదే: డాక్టర్ టామస్ ఆర్నాల్డ్ ఆ బడిలో నేర్పిన క్రమశిక్షణ, సాహచర్యం ఒక సమాజానికి పునాది కాగలవని ఆయన ఆశ.

చోటును ఎంచుకున్నది మాత్రం హ్యూస్ కాదు. అంతకుముందు మాంద్యంలో పని పోయిన న్యూ ఇంగ్లండ్ కార్మికులకు భూములు ఇప్పించాలని బోస్టన్‌లో ఏర్పడిన ఒక సంస్థ, ఫ్రాంక్లిన్ స్మిత్ ఆధ్వర్యంలో ఈ పీఠభూమిని ఎంచుకుంది. పరిశ్రమలు కోలుకుని కార్మికులు కదలకపోయేసరికి పథకం హ్యూస్ చేతికి వచ్చింది. సిన్సినాటి నుంచి దక్షిణానికి కొత్తగా వేసిన రైలు మార్గం స్టేషను ఏడు మైళ్ల దూరంలో ఉండటం, నీళ్లూ గాలీ బాగుండటం, చుట్టూ నదీ లోయలు చూడముచ్చటగా ఉండటం ఆ స్థలానికి కలిసివచ్చిన అంశాలు. ఈ జాబితాలో నేల సారం లేదన్నది గమనించాలి. విహారానికి వచ్చినవాడు చూసే కళ్లతో చోటును చూశారే తప్ప, రైతు కళ్లతో చూడలేదు.

ఊరి సామూహిక జీవితం మాత్రం ఆశ్చర్యపడేంత వేగంగా కుదురుకుంది. 1884 నాటికి జనాభా 300 దాటింది, ఇళ్లూ సార్వజనిక కట్టడాలూ కలిపి 60కి పైగా లేచాయి. టెన్నిస్ మైదానం, నాటక సమాజం, సాహిత్య గోష్ఠి, బ్యాండు మేళం, ‘రగ్బీయన్’ అనే పత్రిక, క్లియర్ ఫోర్క్ నదిలో మగవారు ఈతకు వెళ్లే మడుగు, సాయంత్రం తేనీటి వేళ—ఇంగ్లండ్ పల్లెలో ఉన్నవాడికి ఏవి లేకపోతే తోచదో అవన్నీ ఇక్కడ అమరాయి. అందరూ వాటాలు కొనుక్కునే వీలున్న సహకార దుకాణం ఉండేది. మద్యం అమ్మకం నిషేధం. ఏ శాఖ క్రైస్తవులైనా ఒకే చర్చి భవనాన్ని వాడుకోవచ్చన్నది హ్యూస్ నియమం. ఊళ్లోని మొదటి హోటలుకు చాసర్ కావ్యంలోని యాత్రికులు బయలుదేరిన లండన్ సత్రం పేరు ‘టాబర్డ్’ పెట్టారు. హ్యూస్ తల్లి మార్గరెట్, ఎనభై దాటిన వయసులో, 1881లో మనవరాలు ఎమిలీతో కలిసి వచ్చి ఇక్కడే స్థిరపడి, తన ఇంటికి సొంతూరు అఫింగ్టన్ పేరు పెట్టుకుంది. హ్యూస్ కుటీరానికి ఆ పక్క పల్లె కింగ్‌స్టన్ లైల్ పేరు వచ్చింది. ఎమిలీ ఇంగ్లండ్‌లోని స్నేహితురాలికి రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా అచ్చయ్యాయి. ఆ ఊరి దైనందిన జీవితం తెలుసుకోగోరేవారికి అధికారిక నివేదికల కన్నా ఆ ఉత్తరాలే ఎక్కువ పనికొస్తాయి.

కష్టాలు మొదటి చలికాలంతోనే మొదలయ్యాయి. 1880–81 శీతాకాలం అక్కడివారు కూడా ఎరుగనంత తీవ్రంగా వచ్చింది. 1881 వేసవిలో టాబర్డ్ హోటలు బావి నీరు కలుషితమై టైఫాయిడ్ వ్యాపించి ఏడుగురు చనిపోయారు. ఆరోగ్యకరమైన ఊరన్న ప్రచారంతో నిలబడిన పథకానికి అది కోలుకోలేని దెబ్బ. 1884లో హోటలు కాలిపోయింది. స్థానికుల భూముల హక్కు పత్రాలు తేలకపోవడంతో స్థలం కొనదలచినవారు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. టమాటాలను డబ్బాల్లో నిలవచేసే కర్మాగారం పెట్టారు గానీ, దానికి చాలినన్ని టమాటాలు ఊళ్లో పండలేదు. ఈ చివరి సంగతి ఒక్కటే రగ్బీ ఆర్థిక చరిత్ర మొత్తాన్ని చెబుతుంది.

చిన్నకొడుకుల సోమరితనమే ఊరిని ముంచిందన్న మాట ఆనాటి పత్రికల్లో బాగా నలిగింది, నేటికీ వినబడుతుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. టెన్నిస్ ఆటకు ఉన్న ఉత్సాహం పొలం చదును చేయడానికి లేదు. అయితే ఇసుక పాలు ఎక్కువైన ఆ పలచని నేలలో ఆరితేరిన రైతు కూడా సంపన్నుడు కాలేడని చుట్టుపక్కల కొండ కుటుంబాల బతుకే సాక్ష్యం చెబుతోంది. అసలు లోపం యజమానులు దూరంగా ఉండటంలో ఉంది. నిర్ణయాలు లండన్‌లోనూ బోస్టన్‌లోనూ జరిగేవి. హ్యూస్ స్వయంగా ఏటా కొద్ది వారాలకు మించి ఊళ్లో ఉండలేదు, ఆయన భార్య ఒక్కసారి కూడా రాలేదు. చేతిపని గౌరవాన్ని బోధించిన పథకంలో చేతిపని ఎరిగినవారికి నిర్ణయాధికారం లేకపోయింది. 1887లో మార్గరెట్ మరణించి అక్కడి శ్మశానంలోనే ఖననమైంది. హ్యూస్ చివరిసారి వచ్చింది కూడా ఆ ఏడే. పెట్టిన సొమ్ములో చాలా భాగం పోగొట్టుకున్న హ్యూస్ 1896లో ఇంగ్లండ్‌లో కన్నుమూశాడు.

పొలాలు నిలవకపోయినా గ్రంథాలయం నిలిచింది. బోస్టన్ పుస్తక వ్యాపారి డానా ఎస్టెస్ చొరవతో అమెరికా ప్రచురణకర్తలు హ్యూస్ మీద గౌరవంతో ఉచితంగా పంపిన గ్రంథాలతో 1882లో తెరిచిన టామస్ హ్యూస్ ఉచిత గ్రంథాలయంలో సుమారు 7,000 సంపుటాలు ఉన్నాయి. వ్యవసాయం చేద్దామని వచ్చి, అది తన వల్ల కాదని గ్రహించిన ఎడ్వర్డ్ బెర్ట్జ్ అనే జర్మన్ పండితుడు దీని తొలి గ్రంథపాలకుడు. అవే అల్మరాలు, అవే బల్లలు, చాలావరకు అవే పుస్తకాలు నేటికీ ఉన్నాయి; పందొమ్మిదో శతాబ్దపు సామాన్య పాఠకుడు ఏమి చదివేవాడో తెలుసుకోవడానికి ఇంత చెక్కుచెదరని ఆధారం అరుదు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనాన్ని ఎరిగిన తెలుగు పాఠకులకు, ఒక చిన్న ఊరు తన పుస్తకాల వల్ల ప్రఖ్యాతి పొందడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. 1887లో కట్టిన చెక్క చర్చిలో, 1849లో లండన్‌లో తయారైన రోజ్‌వుడ్ ఆర్గన్ ఆదివారపు ఆరాధనల్లో ఇప్పటికీ మోగుతోంది.

వీటిని కాపాడినవారు ఇంగ్లండ్ నుంచి వచ్చిన యువకులు కారు. సిన్సినాటి నుంచి నిర్వాహకుడిగా వచ్చిన రాబర్ట్ వాల్టన్, తర్వాత ఆయన కొడుకు విలియం, ఊరు విడిచి వెళ్లని కొద్ది కుటుంబాలు దశాబ్దాల పాటు తాళాలు వేసి, పైకప్పులు బాగుచేసి నిలబెట్టారు. 1966లో బ్రయాన్ స్టాగ్ అనే స్థానిక యువకుడి పూనికతో పరిరక్షణ సంస్థ ఏర్పడింది. 1972లో ఊరు జాతీయ చారిత్రక స్థలాల జాబితాకెక్కింది. నాక్స్‌విల్ నుంచి సుమారు 70 మైళ్లు. టెన్నెసీ, జార్జియాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలు స్మోకీ పర్వతాలకు వెళ్లే సెలవుల్లో ఒక పూట ఇటు తిప్పుకుంటే, గ్రంథాలయం, కింగ్‌స్టన్ లైల్ కుటీరం, చర్చి చూసి, అడవి బాట వెంట నది మడుగు దాకా నడిచి రావచ్చు.