రాత్రిబస్సులును ప్రభుత్వపు తనిఖీయును

2025వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున కర్నూలు సమీపమునందలి చిన్నటేకూరువద్ద, 44వ నెంబరు జాతీయ రహదారిమీద, హైదరాబాదునుండి బెంగుళూరునకు పోవుచున్న ఒక ప్రైవేటు పడకలబస్సు తగులబడి, అందు నిద్రించుచున్న ప్రయాణికులలో 19 మంది ఆహుతియైన సంగతి పాఠకులు మరచియుండరు. దారిలో పడియున్న మోటారుసైకిలును బస్సు క్రింద ఇరికించుకొని ఈడ్చుకొనిపోవుటచే నిప్పు పుట్టినదనియు, ఆ సైకిలు నడపిన యువకుడు అంతకు కొంచెము ముందే పడి ప్రాణము విడిచెననియు పోలీసువారు తెలిపిరి. అద్దములు పగులగొట్టుకొని దుమికినవారు బ్రతికిరి. తలుపునకై తడవుకొన్నవారు లోననే మిగిలిరి.

మంత్రులు వచ్చి చూచిరి. పరిహారములు ప్రకటించిరి. ఆ పిమ్మట కొన్ని దినములు రహదారులమీద రవాణాశాఖవారి హడావుడి కానవచ్చెను. బస్సులను నిలిపి కేసులు వ్రాసిరి. తరువాత రహదారి యథాప్రకారము రహదారియైనది. ఇది మేము అపహాస్యమునకు వ్రాయుట లేదు. 2013వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన మహబూబునగరు జిల్లా పాలెమువద్ద, బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవుచున్న వోల్వో బస్సు కల్వర్టును ఢీకొని, ఇంధనపు ట్యాంకు పగిలి, 45 మంది సజీవదహనమైనప్పుడును ఇదియే తంతు జరిగెను. అదే రహదారి, అదే అక్టోబరు మాసము, అదే తెల్లవారుజాము. నడుమ పండ్రెండేండ్లు గడచినవి. చిన్నటేకూరునకు పదిదినముల ముందు రాజస్థానములో జైసల్మేరువద్ద మరియొక బస్సు మండి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ వార్త చదివినవాడెవడును తన జిల్లాలో ఆ రాత్రి నడచుచున్న బస్సుల తలుపులు తెరచి చూచియుండడా యని అడుగవలసియున్నది.

నందవరము, ఎమ్మిగనూరు ప్రాంతమువారికి ఈ ప్రశ్న దూరపుది కాదు. ఆదోనికి రైలున్నది; ఎమ్మిగనూరునకు లేదు, నందవరమునకు లేదు. చదువునకు పోవు పిల్లవాడును, కొలువునకు పోవు యువకుడును, రోగిని పెద్దాసుపత్రికి తీసికొనిపోవు గృహస్థుడును బస్సునే నమ్ముకొనవలెను. రాత్రి భోజనముచేసి బస్సెక్కి తెల్లవారునప్పటికి హైదరాబాదులోనో బెంగుళూరులోనో దిగుట మన కుటుంబములలో ఇప్పుడు నిత్యకృత్యమైనది. పిల్లవానిని సాగనంపు తండ్రి బస్సు రంగును, సీటు నెంబరును చూచును. ఆ బండికి యోగ్యతాపత్రము నిచ్చిన అధికారి ఎవడో, ఏ రాష్ట్రమువాడో ఆయనకు తెలియదు. తెలియుటకు మార్గమును లేదు.

చట్టము లేకపోలేదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 56వ సెక్షను ప్రకారము ఫిట్‌నెస్ పత్రము లేనిదే రవాణావాహనము రోడ్డెక్కరాదు. 52వ సెక్షను ప్రకారము నమోదుపత్రములో వ్రాసినదానికి భిన్నముగా బండి ఆకారమును మార్చరాదు. పడకలబస్సులో నడవ యెంత వెడల్పుండవలెనో, ఆపద్ద్వారము లెచ్చట నుండవలెనో చెప్పు ప్రమాణములు వేరుగా నున్నవి. వానిని పరీక్షించుటకు మోటారు వాహనముల తనిఖీ అధికారు లున్నారు. మనవారు వారిని బ్రేకు ఇన్‌స్పెక్టర్లందురు. ఇంతయుండియు చిన్నటేకూరులో కాలిన బండి చరిత్ర యేమి? డామన్‌లో నమోదై, తరువాత ఒడిషాలోని రాయగడకు మారి, నడచునది మాత్రము తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక రాష్ట్రములలో. ఆసనముల బండిగా పుట్టి పడకల బండిగా మారినదని పత్రికలు వ్రాసినవి. ఫిట్‌నెస్ పత్రము చెల్లుబాటులోనే యున్నదని అధికారులే చెప్పిరి. ఈ తుదిమాటయే మమ్ము అన్నిటికంటె కలవరపెట్టుచున్నది. పత్రము లేని బండి కాలినయెడల దొంగబండి యని సమాధానపడవచ్చును. పత్రమున్న బండి కాలినప్పుడు పత్రమునకు విలువ యేమి?

పన్ను తక్కువయైన చోట నమోదు, రాబడి యెక్కువయైన చోట నడపుట, ఇది ఈ వ్యాపారములో బహిరంగ రహస్యము. మన ఊరి రైతు ఎద్దును కొనబోయినప్పుడు పండ్లు పట్టి చూచును, నాలుగడుగులు నడపించి చూచును, వీలైన కాడి కట్టి చూచును. మరియొక జిల్లాలో ఎవరో చూచి బాగున్నదనిరని విని రొక్కము చెల్లింపడు. బస్సు విషయములో మాత్రము రాయగడలో చూచినది కర్నూలునకు చాలునట! పైగా కేంద్ర నిబంధనల ప్రకారము ఎనిమిదేండ్లు నిండువరకు ఈ పరీక్ష రెండేండ్లకొకమారే. ఆ పైన ఏటేట. హైదరాబాదు బెంగుళూరుల నడుమ దూరము సుమారు 570 కిలోమీటర్లు. రాత్రికొక ప్రయాణము చొప్పున లెక్కించినను రెండు పరీక్షల నడుమ బండి నాలుగులక్షల కిలోమీటర్లు పరుగెత్తును. ఆ నడుమ తీగె లెచ్చట అతికిరో, బ్యాటరీ లెన్ని చేర్చిరో, ఆపద్ద్వారమునకడ్డముగా పడక వేసిరో, సామానుగదిలో ఏమి నింపిరో చూచు కన్ను లేదు. చిన్నటేకూరు బస్సులో సెల్‌ఫోన్ల మూట యున్నదనియు, అది మంటను హెచ్చించినదనియు వార్తలు వచ్చినవి. మనుష్యులను మోయుటకు అనుజ్ఞ పొందిన బండిలో పైన నిద్రించువారు, క్రింద సరకు!

అనుజ్ఞ మాట వచ్చినది గనుక మరియొక సంగతి. ఈ బస్సులలో పెక్కింటికి ఉన్నది అఖిలభారత పర్యాటక పర్మిట్టు. దాని ధర్మము ఒక బృందమును ఒక చోటినుండి ఒక చోటికి ఒప్పందముమీద చేర్చుట. దారిలో అచ్చటచ్చట ఆగుచు, ఒక్కొక్కరికి టిక్కెట్టమ్మి ఎక్కించుకొనుట స్టేజి క్యారేజి ధర్మము. దానికి పర్మిట్టు వేరు, సమయపట్టిక వేరు, బాధ్యత వేరు. ప్రతిరాత్రి, ప్రతి పట్టణములో, అందరి కన్నులయెదుట ఈ భేదము చెరిగిపోవుచున్నది. పోలీసువారికి తెలియును, రవాణాశాఖకు తెలియును, టిక్కెట్టు కొన్న మనకును తెలియును. పర్యాటకులమని పేరు పెట్టుకొని ఉద్యోగమునకు పోవుచున్నాము. ఈ బస్సులు అవసరములే యని ప్రభుత్వము తలచినచో వానికి తగిన పర్మిట్టు నిచ్చి తగిన బాధ్యతను తలకెత్తవలెను. అవసరములు కావనుకొన్నచో ఆపవలెను. కన్నుమూసికొని కేసు రుసుము వసూలుచేయుట పరిపాలనము కాదు.

ప్రైవేటువారన్న మాత్రమున పాపమనియు, సర్కారువారన్న మాత్రమున పుణ్యమనియు మేము చెప్పము. 2018వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన కొండగట్టు ఘాటులో లోయలో పడి అరువదిమందికి పైగా మరణించినది ఆర్టీసీ బస్సులోనే. కిక్కిరిసిన ఆ బస్సును ఆపవలసినవారును ప్రభుత్వోద్యోగులే. తనిఖీ యనునది యజమానిని బట్టి మారరాదు.

ధనిక దేశములలో ఇట్టివి జరుగవని భ్రమపడువారికొక దృష్టాంతము. 2018 అక్టోబరు 6వ తేదీన అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి స్కోహరీవద్ద ఒక లిమోజిన్, అనగా నడుమ కోసి పొడిగించిన విలాసపు మోటారు, దిగుడుదారిలో బ్రేకులు పట్టక పోయి 20 మందిని పొట్టన పెట్టుకొనెను. అందు 17 గురు ప్రయాణికులు, ఒకడు డ్రైవరు, ఇద్దరు దారిన నిలిచియున్నవారు. ఆ బండిని అంతకు నెలదినముల ముందే అధికారులు పరీక్షించి, నడపరాదని ఆజ్ఞాపించిరి. అయినను అది నడచెను. అయితే అచ్చటికిని మనకును భేదమొకటి కలదు. అచ్చటి జాతీయ రవాణా భద్రతా మండలి విచారించి, నడపిన సంస్థ నిర్లక్ష్యముతోపాటు, రాష్ట్ర రవాణాశాఖ పర్యవేక్షణ పనికిరాకపోవుటయు కారణమేయని పేరుపెట్టి వ్రాసి ప్రకటించెను. చీనా దేశమువారు మరియొక త్రోవ త్రొక్కిరి. 2011లో హెనాన్ రాష్ట్రములో పడకలబస్సు మండి 41 మంది మరణించిన పిమ్మట, మరుసటి యేటినుండి క్రొత్త పడకలబస్సులను నమోదుచేయుటయే మానిరి. మనము అంతదూరము పోవలెనని మేమనము. పోయినవారున్నారని మాత్రము తెలిసికొనుట మంచిది.

మన దేశములోనే రైలుకొక న్యాయము, బస్సుకొక న్యాయము నడచుచున్నది. రైలు పట్టాలు తప్పినచో విచారించువాడు రైల్వేశాఖవాడు కాడు. రైల్వే భద్రతా కమీషనరు. ఆయన పౌరవిమానయాన శాఖక్రింద నుండును. రైలు నడపువారి చేతిక్రింద రైలును పరీక్షించువారుండరాదని 1941లోనే, పరాయి ప్రభుత్వపు కాలముననే, ఆ విభాగమును వేరుచేసిరి. విమానము కూలినచో దానికిని ప్రత్యేక విచారణసంస్థ యున్నది. బస్సు కాలినచో? పర్మిట్టు నిచ్చినది రవాణాశాఖ, ఫిట్‌నెస్ వ్రాసినది రవాణాశాఖ, పన్ను పుచ్చుకొన్నది రవాణాశాఖ, దోషమెవరిదో విచారించి నివేదించునదియు రవాణాశాఖయే. పోలీసువారు డ్రైవరును పట్టుకొందురు, యజమానిమీద కేసు పెట్టుదురు; అది నేరవిచారణ. పత్రముమీద సంతకముచేసిన చేయి ఆ విచారణలో సాధారణముగా కానరాదు.

ఒకప్పుడు బస్సుల విషయమున మన కర్నూలు జిల్లా రాష్ట్రమునే కదల్చినది. ఈ జిల్లా బస్సు మార్గములను జాతీయము చేయు ప్రణాళికలను 1964లో సుప్రీముకోర్టు కొట్టివేసెను. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు రాజకీయ ప్రత్యర్థుల బస్సులను దెబ్బతీయుటకే ఇది చేయించిరని వచ్చిన ఆరోపణలకు ఆయన ప్రమాణపత్రము దాఖలుచేసి కాదనలేదని న్యాయమూర్తులు వ్యాఖ్యానించిరి. ఆయన పదవి వదలుకొనిరి. ఆనాడు వివాదములో నున్నది మార్గములు, లాభములు, పంతములు, ప్రాణములు కావు. పాలెమునకు గాని చిన్నటేకూరునకు గాని పదవి మాట యెత్తినవారిని మేమెరుగము.

ఇంతవరకు ప్రభుత్వమువారిని అంటిమి. మన పాఠకులలో భూస్వాములున్నారు, పట్టణ వర్తకులున్నారు. వారితోడను ఒక మాట యున్నది. వానలు తప్పిన ఏట, తప్పని ఏట కూడ, ఈ పడమటి తాలూకాలనుండి వేలకొలది కూలీలు పిల్లలతో, వంటపాత్రలతో సుగ్గికి పోవుచున్నారు. మిరపకోతకు గుంటూరు సీమకు వారిని మోయునవి బస్సులు కావు. లారీలు, బొలేరోలు, ఆటోలు. సరకుల బండిలో మనుష్యుల నెక్కించుట చట్టవిరుద్ధమని మేస్త్రీకి తెలియును, బండి యజమానికి తెలియును. ఆ యజమాని ఒక్కొక్కప్పుడు మనవాడే. పత్తి తీయుటకు ప్రక్క గ్రామమునుండి పదిమంది పట్టు ఆటోలో ఇరువదిమందిని రప్పించుకొను రైతు, పడకలబస్సులో తన కుమారునికి ఆపద్ద్వారము లేదని కోపించుట మాకు సగము న్యాయముగానే తోచుచున్నది. కూలీల బండి బోల్తాపడినప్పుడు పత్రికలలో నాలుగు పంక్తులు పడును; మంత్రులు రారు. ఆ నాలుగు పంక్తులు వ్రాయు నేరములో మా వృత్తివారికిని పాలున్నది.

ఇప్పుడు చేయదగినవి కొన్ని యున్నవి, క్రొత్త చట్టమక్కరలేదు. ఏ బస్సు ఏ రాష్ట్రమున రాత్రులు నడచునో ఆ రాష్ట్రపు అధికారియు దానిని చూచి, తన పేరును, తేదీని, పడకల సంఖ్యను బస్సు తలుపుమీద తెలుగులో వ్రాయించునట్లు ఉత్తరువు చేయవచ్చును. ప్రయాణికుడే చదువుకొనును. ఆపద్ద్వారము తెరచి చూపనిదే బస్సు బయలుదేరరాదని బస్సు లెక్కు స్థలములలోనే, రాత్రి తొమ్మిదిగంటలకే చూడవచ్చును. తెల్లవారుజామున రహదారిమీద ఆపి రసీదులు వ్రాయుటకంటె అది సులభము. ఆదోని, ఎమ్మిగనూరు డిపోలనుండి రాత్రి సర్వీసులను పెంచుట ఆర్టీసీవారి చేతిలోనిది. చట్టములోని 215వ సెక్షను జిల్లాకొక రహదారి భద్రతా సంఘమును ఏర్పరుపనిచ్చినది. కలెక్టరుగారి అధ్యక్షతన కర్నూలులోను సమావేశములు జరుగుచున్నవి. అచ్చట ఏమి నిర్ణయించిరో, నిర్ణయించినదానిలో ఏమి జరిగినదో తాలూకా కచ్చేరీ గోడమీద అంటింపవలెనని మేము కోరుచున్నాము.

సంక్రాంతి రద్దీ ప్రతి యేడును వచ్చును. ప్రైవేటు బస్సుల చార్జీలు రెట్టింపగును, పాతబండ్లు రంగు వేసికొని రోడ్డెక్కును. మిరపకోతకు పోవు లారీలును ఆ దినములలోనే ఎమ్మిగనూరు దాటును. కలెక్టరుగారు ఆ సంఘమును పండుగకు ముందే సమావేశపరచి, నందవరము, మంత్రాలయము దారులను కూడ ఆనాటి కార్యక్రమములో చేర్తురా?