ఏరియలు - ఎర్తు

రేడియో సెట్టు ఇంటికి వచ్చిన తొలి రోజులలో మిద్దెపై రెండు వెదురు గడలు నిలిపి, వాని నడుమ రాగితీగ కట్టి, మరియొక తీగను పెరటిలోని తడినేలలో పాతిపెట్టుట తెలుగు ఇండ్లలో ఎల్లరు ఎరిగిన పనియే. పైది ఏరియలు, క్రిందిది ఎర్తు. పిదప ట్రాన్సిస్టరు సెట్లు వచ్చి ఏరియలును తమ పెట్టెలోననే దాచుకొన్నవి. మనము ఆ రెండు తీగలను మరచిపోయితిమి. కాని వినుటతో తృప్తిపడక, తన మాటను తానే గాలిలోనికి పంపదలచిన అమెచ్యూరు, అనగా హామ్, వానిని మరచుటకు వీలులేదు.

ఈ రెండు కొసల మహిమ రేడియో పుట్టుకనాడే తెలిసినది. 1895లో ఇటలీలో మార్కోనీ తన పరికరపు ఒక కొసను ఎత్తున నిలిపి, రెండవ కొసను భూమికి కలిపిన పిమ్మటనే సంకేతములు కొండ చాటునకు, రెండు కిలోమీటర్లకు పైగా పోయినవి.

ఈ విద్య వినోదము మాత్రమే కాదు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాను దీవులను తాకినప్పుడు, హైదరాబాదులో 1983లో నెలకొల్పబడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున పోర్టు బ్లెయిరునకు వెళ్లియున్న భారతీ ప్రసాద్ బృందము తమ హామ్ సెట్లతో ప్రధాన భూభాగమునకు వార్తలు అందజేసినది. అట్టి వేళ అక్కరకు రావలెనన్నచో కేంద్రము అంతకు మునుపటి దినములన్నిటిలోను క్షేమముగా నిలిచియుండవలెను. దానిని నిలుపునది ఖరీదైన సెట్టు కాదు. మిద్దెపైని తీగయు, నేలలోని కడ్డీయు.

మొదట తీగ సంగతి. క్రొత్తగా లైసెన్సు పొందినవారికి సగము తరంగపు డైపోలును మించిన ఏరియలు లేదు. ఇది నడుమ తెగిన ఒక తీగ. ఆ నడిమి తావున కోయాక్సియల్ కేబులు కలుపబడును. 143ను మెగాహెర్ట్జ్‌ల సంఖ్యచే భాగించినచో తీగ పొడవు మీటర్లలో వచ్చును. 7.1 మెగాహెర్ట్జ్‌కు ఇది సుమారు 20 మీటర్లు, అనగా ఒక్కొక్క ప్రక్క 10 మీటర్లు, 14.2కు అందులో సగము. కట్టునప్పుడు ప్రతి ప్రక్కను ఒక జానెడు అధికముగా ఉంచుకొని, ఎస్.డబ్ల్యు.ఆర్. మీటరు చూచుచు కొంచెము కొంచెముగా కత్తిరింపవలెను.

దూరదేశములతో మాటలాడుటకు తరంగపు పొడవులో సగమంత ఎత్తు ఉండుట మేలు. 7 మెగాహెర్ట్జ్‌కు అది 20 మీటర్లు. మన ఇండ్లపై సాధ్యము కాదు. అందులకు విచారింప పనిలేదు. 8, 10 మీటర్ల ఎత్తున కట్టిన తీగ తన శక్తిలో పెద్ద పాలు ఆకాశమునకే పంపును. అది అయనావరణమును తాకి క్రిందికి మరలి, పగటివేళ కొన్ని వందల కిలోమీటర్ల లోపల అన్ని దిక్కులను వినబడును. తుపాను వేళ ఒక జిల్లా మరియొక జిల్లాతో మాటలాడుటకు కావలసినది ఇదియే.

కొబ్బరిచెట్టునకు తీగ కట్టువారు దానిని బిగించి కట్టరాదు. గాలికి చెట్టు ఊగును, తీగ తెగును. చెట్టున గిలక అమర్చి, త్రాటి కొసను ఇసుక నింపిన డబ్బా వ్రేలాడదీసినచో, చెట్టు ఊగినప్పుడు డబ్బా పైకిని క్రిందికిని కదలును, తీగ చెదరదు. ఇక కరెంటు తీగలు. వానికిని మన స్తంభమునకును నడుమ దూరము స్తంభపు ఎత్తునకు కనీసము ఒకటిన్నర రెట్లు ఉండవలెను; స్తంభము కూలినను తాకరాదు. కరెంటు తీగకు పైగా గాని క్రిందుగా గాని ఏరియలును దాటింపనే రాదు. ఈ నియమమును మీరి ప్రాణములు పోగొట్టుకొన్నవారు కలరు.

ఇక ఎర్తు. ఈ ఒక్క మాటలో మూడు పనులు ఇమిడియున్నవి. వానిని వేరుపరచి చూడనిచో ఎంత రాగి పాతినను ఫలము లేదు. మొదటిది కరెంటు ఎర్తు: సెట్టు యొక్క లోహపు పెట్టెకు కరెంటు ప్రాకినచో మన దేహము గుండా పోనీయక ఫ్యూజును తెగగొట్టు దారి. దీనికి మారుగా న్యూట్రల్ తీగను వాడుట ప్రాణాపాయము. రెండవది పిడుగు ఎర్తు. మూడవది రేడియో ఎర్తు: ఏరియలునకు లేని రెండవ సగమును సమకూర్చునది.

మూడవదానిని మేము అనుభవముచే నేర్చుకొంటిమి. మా తొలి కేంద్రము మూడవ అంతస్తులో ఉండెను. ఒంటి తీగను ఏరియలుగా కట్టి, సెట్టునుండి మరియొక తీగను పెరటిలోని కడ్డీకి దింపితిమి. తీగ దళసరిది, కడ్డీ లోతైనది; ఎర్తునకు లోపము లేదని తలచితిమి. 7 మెగాహెర్ట్జ్‌పై మాటలాడబోగా మైకు మా పెదవిని చురుక్కుమని కాల్చినది. కారణము పిదప తెలిసినది. దింపిన తీగ పొడవు పది మీటర్లు, అనగా ఆ తరంగములో సరిగా నాలుగవ వంతు. నేలలోని కొసను రేడియో వోల్టేజి దాదాపు శూన్యమైనచో, నాలుగవ వంతు తరంగము పైనున్న కొసను అది మిక్కిలి అధికమగును. మేము ఎర్తు అనుకొన్నది రేడియో తరంగమునకు ఎర్తు కానేకాదు; రెండవ ఏరియలు! డైపోలునకు రెండు ప్రక్కలు సమానము గనుక దానికి ఈ ఎర్తు అక్కరలేదు. నిలువు ఏరియలు కట్టువారు దాని మొదట నాలుగవ వంతు తరంగపు తీగలను నాలింటిని పరచవలెను. 27 మెగాహెర్ట్జ్ సి.బి. తరంగమునకు ఇవి ఒక్కొక్కటి సుమారు 2.6 మీటర్లు, వానిని 45 డిగ్రీలు క్రిందికి వాల్చినచో ఏరియలు 50 ఓముల కేబులుతో చక్కగా పొసగును.

పిడుగు సంగతి వేరు. సామాన్యమైన పిడుగులో సుమారు 30,000 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహించును. ఎర్తు నిరోధము 10 ఓములైనచో, ఓము సూత్రము చొప్పున ఆ కడ్డీ వోల్టేజి ఆ క్షణమున 3 లక్షల వోల్టులకు లేచును. ఇంటి కరెంటు ఎర్తు దీనితో సంబంధము లేక వేరొక మూలను ఉన్నదనుకొందము. ఒకటి 3 లక్షల వోల్టులపై, రెండవది దాదాపు శూన్యముపై. ఆ రెంటిని కలుపు దారి సెట్టును, దానిపై చేయి వేసిన మనిషియును! పిడుగు ఎర్తును విడిగా ఉంచుట క్షేమమను తలపు ఇందువలననే ప్రమాదకరము. ఇంటిలోని ఎర్తు కడ్డీలన్నిటిని దళసరి రాగి తీగతోనో, జింకు పూసిన ఇనుప పట్టీతోనో ఇంటి వెలుపలనే ఒకదానితో ఒకటి కలుపవలెను. ఒకే త్రాటికి కట్టిన పడవలు వరదలో కలిసి లేచి కలిసి దిగినట్లు, అన్ని కడ్డీల వోల్టేజియు కలిసి లేచి కలిసి దిగినచో నడుమనున్నవారికి ఆ దెబ్బ చాలవరకు తప్పును. పిడుగు విద్యుత్తు రెప్పపాటుకంటె వేగముగా పెరుగును గనుక తీగలోని ప్రతి వంపును దానికి అడ్డే. కావున పట్టీ చుట్టలు లేక తిన్నగా దిగవలెను. కేబులు ఇంటిలోనికి ప్రవేశించు తావున, గోడకు వెలుపలనే, దాని పైతొడుగును ఎర్తునకు కలిపి అరెస్టరు అమర్చవలెను.

కడ్డీ గుణము నేలను బట్టి యుండును. తేమగల రేగడి మంచిది. హైదరాబాదు చుట్టునున్న రాతినేల కష్టమైనది. 100 ఓము-మీటర్ల నిరోధకత గల నేలలో 2.4 మీటర్ల కడ్డీ పాతినను నిరోధము సుమారు 40 ఓములు ఉండును. రెండవ కడ్డీని దాని ప్రక్కనే పాతిన ప్రయోజనము స్వల్పము. రెండును ఒకే మట్టిని పంచుకొనును. కడ్డీ పొడవునకు రెండు రెట్ల దూరమున పాతవలెను. గోతిలో ఉప్పును బొగ్గును పొరలుగా నింపుట మనవారి పాత పద్ధతి. అది పనిచేయును; కాని ఉప్పు వానకు కరిగిపోవును, ఇనుమును తినును. బెంటొనైటు మట్టి అంతకంటె నిలుకడైనది. వేసవిలో గోతికి నీరు పోయుట మరువరాదు. కొళాయి గొట్టమును ఎర్తుగా నమ్ముట ఇప్పుడు తగదు. గొట్టములు చాలవరకు ప్లాస్టిక్కువి.

ఇంత చేసినను, పిడుగు నేరుగా ఏరియలుపై పడినచో సెట్టును కాపాడు ఎర్తు లేదు. మబ్బు పట్టకమునుపే కేబులును సెట్టునుండి విడదీసి, కిటికీ వెలుపలనున్న ఎర్తు పలకకు చేర్చవలెను. మెరుపునకును ఉరుమునకును నడుమ 30 సెకన్లు లేనిచో పిడుగు 10 కిలోమీటర్ల లోపలనే ఉన్నది, అప్పటికి ఆలస్యమైనట్లే. కేబులుపై చేయి వేయరాదు.

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు టెలిఫోను, తంతి తీగలు తెగి, అక్కడి దుర్వార్త వెలుపలికి వచ్చుటకే జాగైనది. అట్టి రాత్రి మరల రాదని ఎవరు చెప్పగలరు? వైశాఖపు పిడుగులకు తట్టుకొని నిలిచిన కేంద్రమే కార్తికపు తుపానులో మాటలాడగలదు. కావున క్రొత్త హామ్‌లకు మా మనవి ఒక్కటే: సెట్టు కొనుటకు మునుపే ఎర్తునకు గొయ్యి త్రవ్వుడు.