ఒకే బల్లమీద నలుగురు

కళాశాలలలో ఉపాధ్యాయులు విరామవేళ కూర్చుండు గదిలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. అది "ఈ కాలపు విద్యార్థి" అనునది. ఈ కాలపు విద్యార్థికి శ్రద్ధ లేదందురు. ఈ కాలపు విద్యార్థి గడుసువాడందురు. నిందయైనను, స్తుతియైనను కర్త మాత్రము ఏకవచనమే. వ్యాకరణరీత్యా ఇందు దోషము లేదు గాని, తరగతిగదిలో అడుగిడినంతనే ఆ ఏకవచనము నిలువజాలదు.

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన 1947 నాటికి విశ్వవిద్యాలయములు 20, కళాశాలలు సుమారు 500, వానిలో చదువువారు రెండు లక్షల పైచిలుకు. 2021-22 విద్యాసంవత్సరమునకు ఉన్నతవిద్యలోని విద్యార్థుల సంఖ్య 4 కోట్ల 33 లక్షలకు చేరినది. అందు స్త్రీలు 2 కోట్ల 7 లక్షలు. షెడ్యూల్డు కులములవారు 66 లక్షలు. షెడ్యూల్డు తెగలవారు 27 లక్షలు. నాడు కళాశాల గడప తొక్కినవారిలో అధికులు చదువుకొన్న ఇండ్లనుండి వచ్చినవారు. నేడు ఇంటికంతటికిని తొలి పట్టభద్రులు కాబోవువారు అసంఖ్యాకులు. పాఠము చెప్పు పద్ధతి మాత్రము పెక్కుచోట్ల ఆనాటిదే.

ఈ మార్పును కన్నులార చూడగోరువారు హైదరాబాదునుండి పడమరగా 65వ జాతీయ రహదారి వెంట పోయినచో చాలును. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము, పటాన్‌చెరువున మందుల, రసాయనముల పరిశ్రమలు, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనాసంస్థ, రుద్రారమున గీతం విశ్వవిద్యాలయ ప్రాంగణము. అటుపైన కందిలో ఐ.ఐ.టి. 2008లో ఎద్దుమైలారము ఆయుధ కర్మాగారపు ఆవరణలో ప్రారంభమై, 2015లో ఆ సంస్థ ఇచ్చటికి తరలివచ్చినది. సంగారెడ్డిలో తారా ప్రభుత్వ కళాశాల, మరికొంత దూరమున బుదేరాలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాల కలవు. ఒక్క దారి వెంబడి ఇన్ని విధముల విద్యాలయములు. వానికి వచ్చువారు అంతకంటె ఎన్నో విధములవారు.

ఈ ప్రాంతపు ప్రభుత్వ కళాశాలలో ఒక తరగతిని, అందొక బల్లను ఊహించుకొనవచ్చును. దానిపై నలుగురు కూర్చున్నారు. మొదటి బాలిక నారాయణఖేడ్ వైపు తండానుండి వచ్చినది. ఇంట గోర్‌బోలి, బడిలో తెలుగు, ఇప్పుడు ఆంగ్లము. చెరకు నరకు కాలము వచ్చినదన్న తల్లిదండ్రులు వలసపోవుదురు. అవ్వ, తమ్ముడు, మేకలు ఆమె పాలబడుదురు. రెండవ విద్యార్థి తండ్రి ఒడిశానుండి వచ్చి పటాన్‌చెరువులో రాత్రి షిఫ్టు చేయు కార్మికుడు. ఇల్లన్నది ఒక్కటే గది. పగలు తండ్రి నిద్రించును గనుక కుమారుడు పైకి చదువరాదు. మూడవ బాలిక జహీరాబాదులో ఇంటర్మీడియటు వరకు ఉర్దూ మాధ్యమమున చదివినది. ఆంగ్ల పాఠమును ఉపాధ్యాయుడు దయతో తెలుగున వివరించినను ఆమెకు ఒరిగినదేమియు లేదు. నాలుగవవాడు రామచంద్రాపురపు ఉద్యోగి కుమారుడు. ఆంగ్లము ధారాళముగా మాట్లాడును. ఇంజనీరింగు సీటు రాలేదని ఇంటివారు నొచ్చుకొన్ననాటినుండి అతడు ఈ కళాశాల పేరు చెప్పుటకే సిగ్గుపడుచున్నాడు.

ఉపాధ్యాయుడు ఆంగ్లమున ఒక ప్రశ్న వేయును. నాలుగవవాడు సమాధానము చెప్పును. తక్కిన మువ్వురు తలవంతురు. మరునాడును అంతే. పక్షము దినములలో ఒకడు తెలివిగలవాడనియు, మువ్వురు మందమతులనియు తీర్పు జరిగిపోవును. తీర్పు చెప్పితినని ఉపాధ్యాయునికే తెలియదు. తీర్పు పొందిన మువ్వురికి మాత్రము తెలియును. చెరకు నరకు కాలమున హాజరుపట్టీలో తండా బాలిక పేరెదుట వరుసగా గైర్హాజరు గుర్తులు పడును. ఆమె మరల రాదు. చదువుపై ఆసక్తి లేదని ఎవరో అందురు. ఆ మాటతో ఒక కుటుంబపు తొలి పట్టభద్రురాలు పట్టమునకు దూరమగును.

ఈ ప్రాంతమునకు భాషావైవిధ్యము క్రొత్తది కాదు. జహీరాబాదు తాలూకాలో అధికభాగము, నారాయణఖేడ్ తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలోనివి; రాష్ట్రముల పునర్విభజనలో తెలుగు రాష్ట్రమున చేరినవి. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున తొలుత ఉర్దూ బోధనాభాష. 1948 తరువాత ఆ స్థానమును ఆంగ్లము గైకొన్నది. తాత ఉర్దూలోను, తండ్రి తెలుగులోను, బిడ్డ ఆంగ్లములోను చదివిన కుటుంబము ఇచ్చట వింత కాదు. 2021నుండి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను తెలుగు, ఉర్దూలతో సహా 13 భాషలలో వ్రాయవచ్చును. తదుపరి మెట్టయిన అడ్వాన్స్‌డు పరీక్ష మాత్రము ఆంగ్ల హిందీలలోనే. మొదటి ద్వారమున పలుకరించిన మాతృభాష రెండవ ద్వారమున వెలుపలనే నిలిచిపోవుచున్నది.

ఇట్లు ఒక్కొక్కరి స్థితిని విచారించుచు కూర్చున్నచో విద్యాప్రమాణములు దిగజారవా యని కొందరి శంక. ఈ శంకను త్రోసిపుచ్చరాదు. రసాయనశాస్త్రములో తప్పు తప్పే. దానిని తండాలో పుట్టినందుకు ఒప్పని దిద్దుట దయ గాదు, అవమానము. అయితే గమ్యము ఒక్కటే యైనను బయలుదేరుచోట్లు వేరు. వైద్యుడు రోగులందరి ఆరోగ్యమును కోరును గాని, అందరికి ఒకే మాత్ర నీయడు.

వేరొక ప్రమాదమును కలదు. కులము, మతము, ప్రాంతము తెలిసినంతనే విద్యార్థి తెలిసినట్లు భావించుట అట్టిది. తండానుండి వచ్చినవారందరు గణితమున వెనుకబడినవారు కారు. కాలనీనుండి వచ్చినవారందరు నిశ్చింతగా నున్నవారు కారు. పేరునుబట్టి ఊహించుటకంటె మనిషిని అడిగి తెలిసికొనుట మేలు.

అడుగుటకు పెద్ద యేర్పాటు లేమియు అక్కరలేదు. మొదటి వారమున ప్రతి విద్యార్థిచేత తనకు వచ్చిన భాషలో ఒక పుట వ్రాయింపవచ్చును: ఏ మాధ్యమమున చదివినది, ఎంత దూరమునుండి వచ్చునది, ఇంట చదువుకొను చోటున్నదా లేదా యనునది. ఆ పుట ఉపాధ్యాయుని యొద్దనే యుండవలెను. ముఖ్యమగు శాస్త్రపదములను మూడు భాషలలో నల్లబల్లపై వ్రాయుటకు పట్టునది కొద్ది నిమిషములే. ఉర్దూ పదము ఉపాధ్యాయునికి రాకున్న ఆ జహీరాబాదు బాలికనే వ్రాయుమనవచ్చును. అంతవరకు తలవంచుకొన్న బాలిక ఆనాడు సుద్దముక్క చేతబట్టి తరగతియెదుట నిలుచును.