ఆటకు పోతే కూలి ఎవరిస్తారు?

ఇంగ్లండులో ఒక ఆటను రెండుగా చీల్చిన ప్రశ్న

కట్టంగూర్: పండుగ దగ్గర పడితే పల్లెల్లో చెడుగుడు బరికి సున్నపు గీతలు పడతాయి. నార్కట్‌పల్లి నుంచి నకిరేకల్ దాకా రహదారికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో ఎక్కడ పోటీ పెట్టినా చుట్టుపక్కల నుంచి జట్లు వస్తాయి. ప్రవేశ రుసుము కట్టాలి. బనీన్లు కొనుక్కోవాలి. ఆటో కిరాయి పెట్టుకోవాలి. వీటికోసం కుర్రవాళ్లు చందాలు వేసుకుంటారు. కాని ఏ చందా పుస్తకంలోనూ రాయని ఖర్చు ఒకటి ఉన్నది. అది ఆటగాడు పోగొట్టుకున్న ఆనాటి కూలి.

పత్తి తీసే రోజుల్లో పోటీ పడినా, బత్తాయి కోసే రోజుల్లో పోటీ పడినా అదే ఇబ్బంది. మేస్త్రీ కింద పనికి పోయే యువకుడు రెండు రోజులు ఆడితే రెండు రోజుల కైకిలి పోయినట్లే. మోకాలు బెణికితే వారం పదిరోజులు మంచం దిగలేడు. గెలిస్తే కప్పు వస్తుంది. ఊరికి పేరు వస్తుంది. ఇంట్లోకి బియ్యం మాత్రం రావు.

ఈ చిక్కు మన పల్లెలకే వచ్చింది కాదు. ఇంగ్లండులో బొగ్గు గనుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసే కూలీలు 130 సంవత్సరాల కిందటే ఈ ప్రశ్న వేశారు. 'ఆటకు పోయిన రోజు కూలి ఎవరిస్తారు?' అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు సమాధానం కుదరక ఒక పెద్ద ఆట రెండు ముక్కలయింది. ఆ ఆట పేరు రగ్బీ.

దోసకాయ బంతి

రగ్బీ అన్నది ఇంగ్లండులో ఒక ఊరి పేరు. ఆ ఊరి బడిలో పిల్లలు ఆడిన ఆట కనుక ఆటకూ అదే పేరు వచ్చింది. ఆ బడిలో 1845లో నియమాలను కాగితం మీద పెట్టారు. తర్వాత 1871 జనవరిలో లండన్‌లో క్లబ్బులు చేరి రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ అనే సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి.

బంతి గుండ్రంగా ఉండదు. దోసకాయ మాదిరిగా కోలగా ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో చెప్పలేము. ఒక్కో జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. బంతిని చేత పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో ముందుకు తన్నవచ్చు. చేతితో మాత్రం ముందుకు విసరకూడదు. పక్కకో వెనుకకో అందించాలి. బంతి ఉన్నవాడిని ఎదుటి జట్టువారు పట్టి పడగొట్టవచ్చు.

చెడుగుడు ఎరిగినవారికి ఈ ఆట తేలికగా బోధపడుతుంది. మన ఆటలో కూతకు పోయినవాడు పట్టుబడ్డా, ఊపిరి బిగబట్టి కూత ఆపకుండా చేయి చాచి మధ్య గీతను అంటితే బతికినట్లే. రగ్బీలో ఎదుటివారి చివరి గీత దాటి బంతిని నేలకు అదమాలి. అట్లా అదిమితే 5 పాయింట్లు. ఆ వెంటనే రెండు గుంజల నడుమ నుంచి, అడ్డకర్ర మీదుగా బంతిని తన్నితే మరో 2 పాయింట్లు. రెండు ఆటలకూ కావలసినవి అవే: తొడ బలం, పట్టు, గుండెధైర్యం.

ఆరు షిల్లింగుల తగాదా

మొదట్లో ఈ ఆట ధనవంతుల బిడ్డల చేతిలో ఉండేది. పెద్ద బడులలో చదువుకున్నవారు, వకీళ్లు, భూస్వాముల కుమారులు ఆడేవారు. ఆట కోసం పైసా పుచ్చుకోవడం వారికి నామోషీ. ఆడినందుకు డబ్బు తీసుకోకూడదన్నది సంఘం కట్టుబాటు.

కొంతకాలానికి ఆట ఉత్తరానికి పాకింది. యార్క్‌షైర్, లాంకషైర్ ప్రాంతాలలో గని కార్మికులు, మిల్లు కార్మికులు, రేవు కూలీలు జట్లలో చేరారు. ఒళ్లు వంచి పనిచేసేవారు కావడంతో బలమైన ఆటగాళ్లయ్యారు. జనం టిక్కెట్టు కొనుక్కుని చూడడానికి వచ్చారు. క్లబ్బుల పెట్టెలు నిండాయి. ఆడేవాడి జేబు మాత్రం ఖాళీ.

ఆనాడు కార్మికుడికి శనివారం మధ్యాహ్నం దాకా పని. ఆట కూడా శనివారమే. పొరుగూరికి ఆడడానికి పోవాలంటే పని మధ్యలో మానుకోవాలి. ఆ మేరకు కూలి కోత పడేది. ఆడినందుకు జీతం అక్కర లేదు, పోయిన కూలి మాత్రం ఇప్పించండి అని వారు అడిగారు.

1893 సెప్టెంబరులో ఈ సంగతి సంఘం సర్వసభ్య సమావేశానికి వచ్చింది. యార్క్‌షైర్ ప్రతినిధులు తీర్మానం పెట్టారు. అనుకూలంగా 136 ఓట్లు, వ్యతిరేకంగా 282 ఓట్లు పడ్డాయి. తీర్మానం వీగిపోయింది. ఈ రోజు కూలి ఇస్తే రేపు జీతం అడుగుతారు, ఆట వ్యాపారమవుతుంది అన్నది పెద్దల వాదన. తీరిక లేనివాడు ఆడకపోతే నష్టమేమిటని అన్నవారూ ఉన్నారు.

ఉత్తరాదివారు ఊరుకోలేదు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ పట్టణంలోని జార్జి హోటల్‌లో సమావేశమై పాత సంఘానికి రాజీనామా ఇచ్చారు. 22 క్లబ్బులతో సొంత సంఘం పెట్టుకున్నారు. పోయిన కూలి కింద రోజుకు ఆరు షిల్లింగుల వరకు ఇవ్వవచ్చునని నిర్ణయించారు. ఇరవై షిల్లింగులయితే ఒక పౌను. అంటే పౌనులో మూడో వంతు కూడా లేని డబ్బు మీద తెగిన బంధం అది.

క్రమంగా ఆ ఆట నియమాలు కూడా మారాయి. 1906 నుంచి వారి జట్టులో 13 మందే. ఇప్పుడు దానిని రగ్బీ లీగ్ అంటారు. 15 మంది ఆడే పాత ఆట రగ్బీ యూనియన్. ఒక ఇంటి అన్నదమ్ములు వేరుపడి మధ్య గోడ కట్టుకున్నట్లయింది. అటువైపు డబ్బు తీసుకుని ఆడినవాడికి ఇటువైపు మళ్లీ ప్రవేశం లేదు. ఈ వెలి దాదాపు నూరేళ్లు నడిచింది. దాని వలన యూనియన్‌కే ఎక్కువ దెబ్బ తగిలింది. చీలిక వచ్చిన పదేళ్లలో దాని క్లబ్బుల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది.

కాలం మారింది. 1995 ఆగస్టులో, అంటే విడిపోయిన సరిగ్గా నూరేళ్లకు, యూనియన్ ఆటలో కూడా ఆటగాళ్లు డబ్బు తీసుకోవచ్చునని అంతర్జాతీయ సంఘం ప్రకటించింది. ఆరు షిల్లింగులు కాదన్నవారు చివరకు జీతాలకే ఒప్పుకోవలసి వచ్చింది.

మన రూపాయలు కరిగించిన కప్పు

ఈ ఆటకు మన దేశంతో ఉన్న బంధుత్వం చాలామందికి తెలియదు. కలకత్తాలో ఉంటున్న ఇంగ్లీషు దొరలు 1872 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడు, రెండు జట్లుగా రగ్బీ ఆడారు. మరుసటి నెలలో క్లబ్బు పెట్టుకున్నారు. మన ఎండకు ఆ ఆట నిలవలేదు. సభ్యులు పోలో, టెన్నిస్ వైపు మళ్లారు. 1878లో క్లబ్బు మూతపడింది.

బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయల రూపంలో తీసుకున్నారు. మొత్తం 270 రూపాయలు. వాటిని కరిగించి కప్పు చేయించారు. ఎత్తు సుమారు 18 అంగుళాలు. పిడులు మూడు నాగుపాములు. మూత మీద ఏనుగు. దీనిని ఇంగ్లండు సంఘానికి పంపారు. 1879 నుంచి ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఈ కలకత్తా కప్పు కోసం తలపడుతున్నాయి. క్లబ్బు పోయినా రూపాయలు కప్పు రూపంలో మిగిలాయి.

మెట్ల మీద ఆట

డబ్బు వచ్చినంత మాత్రాన అందరూ జీతగాళ్లు కాలేదు. పై మెట్ల మీద ఉన్న కొద్ది క్లబ్బులకే ఆ భాగ్యం. కింద వందలాది క్లబ్బులలో నేటికీ శనివారం మధ్యాహ్నం ఆడేవారంతా వారమంతా వేరే పనులు చేసుకునేవారే. వడ్రంగులు, రైతులు, ఉపాధ్యాయులు, పోలీసులు ఒకే జట్టులో ఉంటారు. డబ్బు పుచ్చుకోవడం అటుంచి, క్లబ్బుకు ఎదురు చందా కట్టి ఆడతారు.

వీరందరినీ కలిపి ఒక నిచ్చెనలా అమర్చారు. 1987 దాకా యూనియన్ క్లబ్బులకు దేశవ్యాప్త లీగు లేదు. లీగు పెడితే గెలుపు మీద ఆశ పెరుగుతుంది, ఆశ వెంట డబ్బు వస్తుంది అని పెద్దలు భయపడేవారు. 1987లో వెయ్యికి పైగా క్లబ్బులను తరగతులుగా విభజించి లీగు మొదలుపెట్టారు. పైన ఉన్న నాలుగు మెట్లు దేశస్థాయివి. ఐదవ మెట్టు నుంచి ప్రాంతీయ లీగులు, ఆ కింద జిల్లాల లీగులు.

2022లో ఈ నిచ్చెనను తిరిగి సర్దారు. ఐదవ మెట్టును ఆరు ప్రాంతాలుగా చేసి, ఒక్కో విభాగానికి 12 జట్ల లెక్క పెట్టారు. ప్రతి జట్టు మిగతా 11 జట్లతో రెండేసి సార్లు ఆడుతుంది. ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి ఎదుటివారి ఊళ్లో. మొత్తం 22 ఆటలు. పనిచేసుకునే మనిషి ప్రతి శనివారం దూరాభారాలు ప్రయాణం చేయలేడు కనుక దగ్గరి ఊళ్లను దగ్గరగా చేర్చారు. కూలి మాట ఆనాడు తోసిపుచ్చిన సంఘమే ఈనాడు ఆటగాడి తీరికను లెక్కలోకి తీసుకోవడం విశేషం.

గెలిస్తే 4 పాయింట్లు, సమానమైతే 2. ఓడినా ఏడు లేక అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే ఒక పాయింటు ఇస్తారు. అందువల్ల ఓడిపోతున్నామని తెలిసినా చివరి నిమిషం దాకా ఎవరూ చేతులెత్తరు. పైన నిలిచిన జట్టు మెట్టు ఎక్కుతుంది. అడుగున మిగిలినది మెట్టు దిగుతుంది. ఆట అయిన తర్వాత పిలిచిన జట్టు వచ్చిన జట్టుకు తిండి పెట్టి పంపడం ఆనవాయితీ.

పై మెట్టు మీద అంతా క్షేమమని కాదు. 2022లో వూస్టర్, వాస్ప్స్ అనే రెండు పెద్ద క్లబ్బులు అప్పుల్లో కూరుకుపోయి ఆట మధ్యలో ఆగిపోయాయి. 2023లో లండన్ ఐరిష్‌ది కూడా అదే గతి. లక్షల జీతాల క్లబ్బులు కూలుతుంటే చందాల మీద నడిచే చిన్న క్లబ్బులు నిలిచి ఉన్నాయి.

మరో సంగతి గాయాలు. తలకు దెబ్బలు ఎక్కువవుతున్నాయని, 2023లో అక్కడి సంఘం చిన్న క్లబ్బుల ఆటలో పట్టు ఎత్తును తగ్గించింది. రొమ్ము ఎముక అడుగు భాగానికి పైన పట్టకూడదన్నది కొత్త నియమం. ముందుగా నడుము దాకానే అని ప్రకటించారు. ఆటగాళ్లు గోల చేయడంతో సంఘం క్షమాపణ చెప్పి, సంప్రదించిన మీదట ఈ ఎత్తును ఖాయం చేసింది. తలకు దెబ్బ తగిలినట్లు అనుమానం వచ్చినా ఆ మనిషిని ఆనాడు మళ్లీ ఆటలోకి దింపరు. జీతం లేనివాడి ఒంటికి కూడా విలువ ఉన్నదని దీని అర్థం.

ఇక్కడి లెక్క

చెడుగుడు కథ కూడా ఇదే దారిన నడుస్తున్నది. 1972లో ఏర్పడిన అఖిల భారత సంఘం పేరులోనే 'అమెచ్యూర్' అన్న మాట ఉన్నది. డబ్బు కోసం కాక ఇష్టం కొద్దీ ఆడేవారని దాని అర్థం. 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆటగా చేరినప్పుడు భారత జట్టు బంగారం తెచ్చింది. 2014లో ప్రో కబడ్డీ లీగు వచ్చింది. 2023 వేలంలో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్ అనే ఒక్క ఆటగాడికి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పెట్టింది.

అది పై మెట్టు. కింది మెట్లు ఏవి అన్నదే ఆలోచించవలసిన విషయం. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాల పథకం మొదలయింది. 2023 మేలో సీఎం కప్ పోటీలను మండలం నుంచి రాష్ట్రం దాకా నిర్వహించారు. 2024 డిసెంబరులో గ్రామస్థాయి నుంచే జరిపారు. ఇవి మంచి ప్రయత్నాలే. కాని ఇవి కొద్ది రోజుల పండుగలు. ఒకసారి ఓడిన జట్టు ఇంటికి పోవలసిందే. మళ్లీ పోటీ వచ్చేదాకా బరిలో గడ్డి మొలుస్తుంది.

లీగు పద్ధతిలో ఓడినవాడికి కూడా వచ్చే వారం ఆట ఉంటుంది. చుట్టూ ఉన్న ఎనిమిది పది ఊళ్ల జట్లు కలిసి, పనులు పల్చబడే రోజులు చూసుకుని, వారానికొక పూట ఆడుకుంటే దానికి పెద్ద ఖర్చు లేదు. వెలుతురు స్తంభాలు అక్కర లేదు. వేలం పాటలు అక్కర లేదు. ఎవరు ఎప్పుడు ఎక్కడికి రావాలో ముందుగా రాసిన కాగితం ఒకటి, నిష్పక్షపాతంగా ఈల ఊదే మనిషి ఒకరు ఉంటే చాలు. రాతి నేల మీద కాక మెత్తటి మట్టి పోసిన బరి ఉంటే మోకాళ్లు దక్కుతాయి.

కూలి ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంటుంది. బహుమతి సొమ్ములో కొంత తగ్గించి, పని మానుకుని వచ్చిన ఆటగాడి చేతిలో సగం కూలి అయినా పెడితే తప్పేమున్నది? ఇంగ్లండు పెద్దలు ఈ మాట వినడానికి నూరేళ్లు తీసుకున్నారు. ఈలోగా ఎందరో మంచి ఆటగాళ్లను పోగొట్టుకున్నారు.

ఊరి పేరు నిలబెట్టడానికి బరిలోకి దిగేవాడు మర్నాడు పొద్దున సద్ది కట్టుకుని పనికి పోవలసినవాడు. పోటీ పెట్టే పెద్దలు కప్పు కొనేటప్పుడు ఆ సంగతి కూడా గుర్తుంచుకుంటే ఆట నాలుగు కాలాలపాటు నిలుస్తుంది.