పాడి ఇంట కుండీలలో టమాటా

పాడి ఉన్న ఇంట ఎరువుకు కొదవ ఉండదు. అయినా పెరట్లో నాలుగు టమాటా కుండీలు పెట్టుకున్న సభ్యుల ఇళ్లలో మొక్కలు వాడి చనిపోవడం మేము తరచు చూస్తున్నాము. నీళ్లు పోస్తున్నాము, పేడ వేస్తున్నాము, అయినా బ్రతకడం లేదేమని అడుగుతుంటారు. చాలా ఇళ్లలో ఆ పేడే కారణం.

టమాటా ధరకు నిలకడ లేదు. 2023 జులైలో కిలో నూరు రూపాయలు దాటింది. మరికొన్నిసార్లు కొనేవారు లేక రైతులు రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఉన్నాయి. కుండీలలో పండించి అమ్ముకోమని మేము చెప్పడం లేదు. ఇంట్లో పప్పుకూ పచ్చడికీ సరిపడా కాస్తే పాల డబ్బులో కొంత మిగులుతుంది.

పచ్చి పేడ మట్టిలో కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది. పొలంలో ఆ వేడి నలువైపులా పోతుంది. కుండీలో పోయే దారి లేక లేత వేళ్లు మాడిపోతాయి. పైగా వేరుపురుగు, చెదలు, కలుపు విత్తనాలు వెంట వస్తాయి. అందుచేత గుంతలో వేసి, అప్పుడప్పుడు తడిపి, మూడు నాలుగు నెలలు చివికిన ఎరువునే వాడాలి. చివికినదీ లేనిదీ తెలుసుకోవడం సులభం. పిడికెడు తీసి చూడండి. పేడ వాసన రాకూడదు, లోపల వెచ్చదనం ఉండకూడదు, నల్లగా పొడిపొడిగా రాలాలి. గోబర్ గ్యాస్ ఉన్నవారు దాని మడ్డిని ఆరబెట్టి వాడుకోవచ్చు.

ఎర్రమట్టి రెండు పాళ్లు, ఈ ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపి, గుప్పెడు వేపపిండి వేయండి. మొక్కకు పదిహేను ఇరవై లీటర్ల మట్టి పట్టే పాత్ర కావాలి. ఖాళీ దాణా సంచి పై అంచు మడిచి, అడుగున నాలుగైదు రంధ్రాలు చేస్తే చక్కని కుండీ అవుతుంది. ఎండకు చివికిపోతుంది గనుక ఒక పంటకే పనికివస్తుంది. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా వాడవద్దు. సంఘం పాల క్యాను జోలికి అసలే వెళ్లవద్దు!

పి.కె.ఎం.-1 వంటి పొట్టి రకాలు కుండీలకు అనుకూలం. ఆకుముడత ఎక్కువగా వచ్చే చోట్ల అర్క రక్షక్ మంచిది, అయితే అది సంకరజాతి, విత్తనం మళ్లీ కొనవలసిందే. సెప్టెంబరు, అక్టోబరులలో నారు పోసి, 25 నుండి 30 రోజుల నారు నాటుకోండి. నడివేసవిలో పూత నిలవదు; అది ఎరువు లోపం కాదు, వేడి వల్లనే. వసారాలో గాలి తగలని మొక్కలను ఉదయం పూట వేలితో మెల్లగా తట్టితే పుప్పొడి రాలి కాయ పడుతుంది.

కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్లుతోందంటే తెగులని మందు కొట్టకండి. కాయకు సున్నం చాలకపోవడమే అది. మట్టిలో సున్నం ఉన్నా, రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బిందెడు గుమ్మరిస్తే వేరు దానిని కాయకు అందించలేదు. రోజూ ఉదయం వేలు గుచ్చి చూసి, పై మట్టి ఆరితే పోయండి. మట్టిపై వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది. పశువుల మూత్రానికి పది రెట్లు నీళ్లు కలిపి పదిహేను రోజులకొకసారి పోస్తే చాలు. మించితే ఆకే తప్ప కాయ ఉండదు.

తెల్లదోమ వల్ల ఆకులు ముడుచుకున్న మొక్కను వెంటనే పీకి పాతిపెట్టండి. తక్కిన వాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు కలిపి చల్లండి. చుట్ట, బీడీ పట్టిన చేతులతో నారు ముట్టుకోకండి; పొగాకు నుండి మొజాయిక్ తెగులు టమాటాకు అంటుతుంది. వెన్న తీసిన పాలలో చేతులు ముంచుకుని నాటితే ఈ తెగులు వ్యాప్తి తగ్గుతుంది.

ఇక పశువుల సంగతి. టమాటా ఆకులలో, కాండంలో, పచ్చికాయలలో విషపదార్థం ఉంది. తుంచిన కొమ్మలు, పీకిన మొక్కలు పచ్చిమేత కదా అని గాటిలో వేయకండి. కుండీలను పలుపు అందనంత దూరంలో, దూడలు తిరగని చోట పెట్టండి. పశువు ఎక్కువగా తిని, చొంగ కారుస్తూ నెమరు మానేస్తే పసరు మందులతో కాలయాపన చేయక వెంటనే పశువైద్యునికి కబురు చేయండి. మొక్కలపై ఏ మందు చల్లారో, ఎప్పుడు చల్లారో కూడా ఆయనకు చెప్పండి.